అన్నయ్య చెప్పిన శక్తిమాన్

"టీవీకి మరీ దగ్గరగా కూర్చోకూడదంట. గోళ్లు కొరకకూడదంట. పెద్దవాళ్ల మాట, ముఖ్యంగా అన్నయ్య మాట వినాలంట."

దూరదర్శన్‌లో శక్తిమాన్ అనే వీరుడి హిందీ సీరియల్ అయిపోయాక చివర్లో ఒక చిన్న ముక్క వచ్చేది, గుర్తుందా? ఎవరో ఒక పిల్లాడు ఏదో తప్పు చేస్తాడు, శక్తిమాన్ ప్రత్యక్షమై నచ్చచెబుతాడు, పిల్లాడు "సారీ శక్తిమాన్" అంటాడు. దాని పేరు 'ఛోటీ ఛోటీ మగర్ మోటీ బాతే'. చిన్నచిన్నవే కానీ పెద్ద మాటలు అని. ఆ పెద్ద మాటలు మా ఇంట్లో తెలుగులోకి దిగేసరికి పైన రాసినట్టు ఉండేవి. అనువాదం మా పెదనాన్నగారి అబ్బాయిది.

అన్నయ్య నాకంటే నాలుగేళ్లు పెద్ద. దక్షిణ భారత హిందీ ప్రచార సభ వాళ్ల ప్రాథమిక, మధ్యమ రెండూ పాసయ్యాడు. మా పిల్లల గుంపులో హిందీ వచ్చిన మనిషంటే తనే. నాకూ ఆరో తరగతి నుంచి హిందీ ఉంది కానీ అది "ఇది కలము, అది పుస్తకము" దగ్గరే ఆగింది. టీవీలో వాళ్లు మాట్లాడే వేగానికి అదేం సరిపోతుంది? కాబట్టి అందరం అన్నయ్య చుట్టూ చేరేవాళ్లం. తెర మీద బొమ్మ, తెర పక్కన అన్నయ్య గొంతు. మాకు టీవీ అంటే ఈ రెండూ కలిపి.

అంతకుముందు, అంటే మా ఇంట్లో టీవీ లేని రోజుల్లో, పక్కింటి అత్తయ్యగారింటికి వెళ్లేవాళ్లం. 1993లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున్న జంగిల్ బుక్ వచ్చేది. జపాన్‌లో తయారైన బొమ్మలు, హిందీ మాటలు. ఆ టైటిల్ పాట గుల్జార్ రాశారని, బాణీ విశాల్ భరద్వాజ్‌దని, అందులో పులి షేర్ ఖాన్ గొంతు నానా పాటేకర్‌దని నాకు ఎప్పటికో తెలిసింది. అప్పట్లో మాకది అర్థం తెలియని మంత్రం. ఒక్క ముక్క పొల్లుపోకుండా పాడేవాళ్లం.

తమ్ముడికి అప్పుడు నాలుగేళ్లు. మొదటి వారమే పట్టుకున్నాడు: "మోగ్లీ వాళ్ల అసలమ్మ ఏది?"

అన్నయ్య క్షణం తడబడి, "ఊరెళ్లిందంట" అన్నాడు.

అంతే. ఆ తర్వాత తమ్ముడు జంగిల్ బుక్ చూసింది తోడేళ్ల కోసమూ కాదు, బఘీరా కోసమూ కాదు. ఊరెళ్లిన అమ్మ ఎప్పుడొస్తుందా అని. ప్రతి ఆదివారం అయిపోగానే "ఈ వారం కూడా రాలేదు" అని నిట్టూర్చేవాడు. తోడేలు తల్లి మోగ్లీని నాకుతుంటే మాత్రం, "పోన్లే, అప్పటిదాకా ఈమె చూసుకుంటుంది" అనేవాడు. పెంచిన ప్రేమ గురించి ఆ కథ ఏం చెప్పదలచుకుందో నాకు తెలియదు గానీ, మా వాడికి చేరవలసింది చేరిందనే అనుకుంటున్నాను.

ఆ ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు, కానీ అందరికీ తెలుసు. అత్తయ్యగారి పిల్లలు మంచం మీద. మేము కింద చాప మీద. వాళ్లింట్లో పనిచేసే ఆమె కూతురు, నా ఈడు పిల్ల, కిటికీ బయట. చువ్వలు పట్టుకుని నిలబడి చూసేది. కార్యక్రమాల మధ్యలో 'ఏక్ అనేక్ ఔర్ ఏకతా' అని ఒక బొమ్మల సినిమా వేసేవాళ్లు. 1974లో ఫిల్మ్స్ డివిజన్ కోసం విజయా మూలే తీసింది. వలలో పడ్డ పిట్టలన్నీ ఒక్కసారిగా ఎగిరి వలతో సహా పోతాయి, ఎలుకలు వచ్చి కొరికి విడిపిస్తాయి. అందరూ కలిసి ఉంటే బలం అని. దానికి అన్నయ్య అనువాదం కూడా అక్కర్లేదు, బొమ్మ చూస్తే చాలు. ఆ పాట వచ్చినప్పుడల్లా చాప మీద మేమూ, మంచం మీద వాళ్లూ, కిటికీ బయట ఆ పిల్లా ఒకేసారి గొంతు కలిపేవాళ్లం. పాట అయ్యాక ఎవరి చోటు వాళ్లది. నేను చాప మీద ఒక్క అడుగు జరిగితే ఆ పిల్లకి చోటు ఉండేది. జరగాలని నాకు తోచలేదు అనడం అబద్ధం. తోచింది. జరగలేదు.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. తెలుగు పిల్లలకి తెలుగులోనే, ఆకాశం నుంచి టీవీ దిగిన రోజులు మాకంటే ముందే ఉన్నాయి. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఇస్రో 'సైట్' అనే ప్రయోగం చేసింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలు, వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఊరందరికీ ఒకటే టీవీ. పొద్దున బడిపిల్లల కార్యక్రమాలు హిందీ, ఒరియా, కన్నడంతో పాటు తెలుగులోనూ వచ్చేవి. ఏడాది కాగానే ఉపగ్రహం పక్కకి జరిగిపోయింది. ఇరవై రెండేళ్ల తర్వాత మాకేమో రంగుల టీవీ ఉంది, ఇంట్లోనే ఉంది, మాట మాత్రం అన్నయ్య దయ.

1997 సెప్టెంబరు 13న శక్తిమాన్ మొదలైంది. మొదట శనివారాలు వేసేవాళ్లు. శనివారం బడి. ఆ రోజు ఎంతమందికి కడుపునొప్పి వచ్చేదో లెక్కే లేదు. తర్వాత ఆదివారం మధ్యాహ్నానికి మార్చాక కడుపునొప్పులు తగ్గాయి.

పండిత్ గంగాధర్ విద్యాధర్ మాయాధర్ ఓంకార్‌నాథ్ శాస్త్రి. ఈ పేరు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఎత్తుపళ్లూ, సోడాబుడ్డి కళ్లద్దాలూ ఉన్న అమాయకపు ఫోటోగ్రాఫరు. అసలు శక్తిమాన్ అతనే. అందరూ నవ్వే మనిషి లోపల ఎవరున్నారో తెలియదనే సంగతి మాకు బాగా పట్టింది. మా క్లాసులో సోడాబుడ్డి కళ్లద్దాల కుర్రాడొకడు ఉండేవాడు. అతన్ని ఏడిపించడం ఆ ఏడాది సగానికి సగం తగ్గింది. పూర్తిగా తగ్గలేదు. కొందరు "ఏదీ, శక్తిమాన్‌లా గిరగిరా తిరుగు చూద్దాం" అని కొత్తగా మొదలుపెట్టారు.

ఆటలో మాత్రం నా గతి వేరు. తమ్ముడు శక్తిమాన్. నేను ఆడపిల్లని కాబట్టి గీతా విశ్వాస్. గీత పత్రికా విలేఖరి, ధైర్యవంతురాలు, తెర మీద. మా మేడ మీద ఆటలో ఆమె పని ఒక్కటే, స్తంభానికి కట్టించుకుని "కాపాడండి" అని అరవడం. రెండు ఆదివారాలు కట్టించుకున్నాను. మూడో ఆదివారం, "నేను కిల్విష్" అన్నాను.

అభ్యంతరాలు వచ్చాయి. ఆడపిల్ల విలన్ ఏమిటని. అన్నయ్యే తీర్పు చెప్పాడు: "కిల్విష్‌కి ముసుగు ఉంటుంది కదా, లోపల ఎవరైతే ఏం?" అప్పుడు చూడాలి నా వైభవం. అమ్మ నల్ల శాలువా కప్పుకుని, రెండు చేతులూ పైకెత్తి, లోకమంతా చీకటైపోవాలని శపిస్తుంటే ఒంట్లో ఏదో కొత్త గాలి దూరినట్టుండేది. గట్టిగా అరవచ్చు. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడచ్చు. ఎవరూ "ఆడపిల్లవి, మెల్లగా" అనరు. మంచివాళ్ల పక్షంలో నాకు దొరకని చోటు చెడ్డవాళ్ల పక్షంలో దొరికింది.

ఆ కిల్విష్‌తనమే ఒకరోజు కొంప ముంచింది. శక్తిమాన్ గిరగిరా తిరుగుతూ వస్తాడు కదా, తమ్ముడు అలా తిరుగుతుంటే నేను ఎదురుగా నిలబడి, "ఇంతేనా నీ శక్తి? ఇంకా జోరుగా!" అని రెచ్చగొట్టాను. తిరిగాడు. ఇంకా తిరిగాడు. కళ్లు తిరిగి వెళ్లి పిట్టగోడ అంచుకి కొట్టుకున్నాడు. కనుబొమ్మ పైన మూడు కుట్లు. మచ్చ ఇప్పటికీ ఉంది. తప్పు పూర్తిగా నాది. వాడు ఎనిమిదేళ్లవాడు, నాకు పన్నెండు, నాకు తెలియాలి.

అసలు విషయం ఏమిటంటే, శక్తిమాన్ వచ్చి కాపాడతాడని పిల్లలు ప్రమాదాలకి దిగుతున్నారని ఆ రోజుల్లో పేపర్లలో రాశారు. ఆ వేషం వేసిన ముఖేశ్ ఖన్నా, అంతకుముందు మహాభారత్‌లో భీష్ముడిగా చూసినాయనే, తెర మీద పిల్లలతో నేరుగా చెప్పేవాడు కూడా, ఇలాంటివి చేయకండి అని. ఆ హెచ్చరికా మా ఇంటికి వచ్చే ఉంటుంది. కానీ హిందీలో వచ్చింది. తెలుగులో మాకు అందింది, "అన్నయ్య మాట వినాలంట" అని.

చాలా ఏళ్ల తర్వాత బి.ఎడ్. చదువుతుంటే ఆల్బర్ట్ బందూరా ప్రయోగాలు పాఠంగా వచ్చాయి. 1961లో స్టాన్‌ఫర్డ్‌లో చేసినవి. కొడితే పడి మళ్లీ లేచే గాలిబొమ్మ, దాన్ని ఒక పెద్ద మనిషి చితకబాదుతుంటే చూసిన పిల్లలు తామూ అలాగే బాదారు. 1963లో మనిషి బదులు సినిమా చూపించినా అంతే. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. నన్ను పట్టి కుదిపింది 1965 నాటిది. ఈసారి సినిమాకి మూడు ముగింపులు: కొట్టిన మనిషికి మెప్పు, కొట్టిన మనిషికి శిక్ష, ఏమీ లేకపోవడం. శిక్ష చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు, ఆడపిల్లలు మరీ తక్కువ. తర్వాత, "నువ్వు చూసింది చేసి చూపిస్తే ఇది ఇస్తాం" అని ఆశపెట్టేసరికి ఆ తేడా దాదాపు మాయం. అందరికీ అన్నీ వచ్చు. ఆడపిల్లలకీ వచ్చు. అడిగేవాళ్లు లేక చేయలేదంతే.

క్లాసులో కూర్చున్నదాన్నల్లా నల్ల శాలువా గుర్తొచ్చి నవ్వేశాను. లెక్చరరు గారు లేపి కారణం అడిగారు. చెప్పలేకపోయాను.

చివరికి విలన్ ఓడిపోతాడు కదా, పిల్లలకి నీతి అందుతుందిలే అనే పెద్దల ధీమా నాకు ఆ రోజుతో పోయింది. అరగంటలో ఇరవై ఎనిమిది నిమిషాలు కిల్విష్ హాయిగా గెలుస్తూనే ఉంటాడు. పిల్లలు ఆ ఇరవై ఎనిమిదీ చూస్తారు.

కానీ చెప్పేవాళ్లని బట్టి కూడా ఉంటుంది. మా బడిలో ఒకసారి టీవీ తెచ్చి పెట్టి క్యాసెట్ వేసి 'మీనా' చూపించారు. దక్షిణాసియా ఆడపిల్లల కోసం యునిసెఫ్ చేయించిన కార్టూన్. మీనా, తమ్ముడు రాజు, మిఠూ అనే చిలక. అందులో మామిడిపండు కథ ఒకటి ఉంది. ఇంట్లో పండు పంచితే పెద్ద ముక్క రాజుకి, మగపిల్లాడని. అయితే ఒకరోజు పనులు మార్చుకుందాం అంటుంది మీనా. సాయంత్రానికి రాజు నడుం విరుగుతుంది.

మా టీచరు అన్నయ్యలా కాదు. మధ్యలో క్యాసెట్ ఆపేసి, హిందీ సంగతి పక్కన పెట్టి అడిగారు: "మీ ఇంట్లో పొద్దున్నే నీళ్లు పట్టేదెవరు? చేతులెత్తండి." ఆడపిల్లలందరం ఎత్తాం. "ఇల్లు ఊడ్చేది?" మళ్లీ మేమే. మగపిల్లలు కిసుక్కున నవ్వారు. "అంట్లు?" మళ్లీ మేము, ఈసారి కొంచెం కోపంగా. అప్పుడు వెనక బెంచీలో ఒక కుర్రాడు మెల్లగా, మోచెయ్యి పూర్తిగా చాపకుండా, చెయ్యెత్తాడు. వాళ్లమ్మ మంచంలో ఉందని మాకెవరికీ తెలియదు. ఆ సోడాబుడ్డి కళ్లద్దాల అబ్బాయే. నవ్వు ఆగిపోయింది. టీచరు ఏమీ వ్యాఖ్యానించలేదు, క్యాసెట్ మళ్లీ పెట్టారు. ఆ కార్టూన్ ఎలా ముగిసిందో సరిగ్గా గుర్తులేదు. ఆ చెయ్యి గుర్తుంది.

తర్వాత కేబుల్ వచ్చింది. కార్టూన్ నెట్‌వర్క్ వచ్చింది, సాయంత్రమయ్యేసరికి అదే ఛానెల్లో టీఎన్‌టీ అని పాత ఇంగ్లీషు సినిమాలు ప్రత్యక్షమై మా ఆశల మీద నీళ్లు చల్లేవి. అప్పటికి అన్నయ్య కాలేజీ హాస్టల్‌కి వెళ్లిపోయాడు. టామ్ అండ్ జెర్రీకి అనువాదం అక్కర్లేదు కాబట్టి నేనూ తమ్ముడూ ఎవరి మూల వాళ్లు కూర్చుని చూసేవాళ్లం. నవ్వుకునేవాళ్లం కూడా, కానీ ఒకరి వైపు ఒకరం తిరిగి కాదు.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పుణ్యమా అని దూరదర్శన్ వాళ్లు మళ్లీ శక్తిమాన్ వేశారు. అప్పటికి ఉద్యోగాల పేరుతో ఉత్తరాదిన కొన్నేళ్లు ఉండి వచ్చాను, హిందీ బాగా పట్టుబడింది. ఇంట్లో బందీగా కూర్చుని, ముప్ఫై అయిదేళ్ల వయసులో, మొదటిసారిగా ఆ పాత్రలు నిజంగా ఏమంటున్నాయో విన్నాను.

ఒక్క ముక్క కలిస్తే ఒట్టు!

అన్నయ్య మాకు చెప్పిన కథ వేరు, అక్కడ నడుస్తున్న కథ వేరు. మా కథలో గీతకి ఒక అక్క ఉంది. మా కథలో కిల్విష్‌కి చిన్నప్పుడు అన్యాయం జరిగింది. ఇక చివరి మంచి మాటలయితే, పళ్లు తోముకోమని అక్కడ చెబుతుంటే ఇక్కడ మేము వేరేవాళ్ల వస్తువులు దాచకూడదని నేర్చుకున్నాం.

వెంటనే ఫోన్ చేశాను. "అన్నయ్యా, నీకు హిందీ వచ్చా రాదా?"

పడీపడీ నవ్వాడు. "మధ్యమ పరీక్షలో వ్యాసం బట్టీ పట్టి పాసయ్యానే! మీరేమో పదిమంది నోళ్లు తెరుచుకుని నా వైపు చూసేవాళ్లు. తెలీదంటే పరువేం కావాలి?"

ఫోన్ పెట్టేశాక ఒక ఆదివారం గుర్తొచ్చింది. 1998 కావచ్చు. నాన్న ఇంకు పెన్ను పోయింది. తమ్ముడే తీశాడని నిర్ధారణ అయింది, వీపు విమానం మోత మోగింది. వాడు తీయలేదని ఏడ్చి ఏడ్చి మానేశాడు. ఆ వారం శక్తిమాన్ చివర్లో ఒక పిల్లాడు తల దించుకుని నిలబడితే అన్నయ్య చెప్పాడు: "ఈ అబ్బాయి వాళ్ల బాబాయి పెన్ను బడికి పట్టుకెళ్లి పోగొట్టేశాడంట. తిడతారని భయపడి చెప్పలేదంట. తమ్ముడికి దెబ్బలు పడుతుంటే కూడా చెప్పలేదంట. ఇప్పుడు సారీ చెబుతున్నాడు."

నేను ఎగిరి గంతేశాను. "అమ్మా, టీవీలోనూ మనింట్లో లాగే పెన్ను పోయిందంట!" అని అరిచాను. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. తెర వైపు చూడలేదు, అన్నయ్య వైపు చూసింది. ఏమీ అనలేదు. ఆ సాయంత్రం తమ్ముడి చేతిలో అన్నయ్య బ్యాటు కనిపించింది. "వాడికే ఇచ్చేశాను" అన్నాడు అన్నయ్య. ఎందుకని ఎవరూ అడగలేదు.

మళ్లీ ఫోన్ చేశాను. "ఆ పెన్ను నువ్వేనా?"

చాలాసేపు మాట్లాడలేదు. "పిన్నికి ఆ రోజే తెలుసు" అన్నాడు చివరికి.

అమెరికాలో సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ కార్యక్రమంలో హూపర్ అనే కొట్టు పెద్దాయన ఉండేవాడు. ఆ వేషం వేసిన విల్ లీ 1982లో చనిపోయారు. ఆ పాత్రని ఏ ఊరికో పంపేయకుండా, హూపర్ చనిపోయాడనే పిల్లలకి చెప్పాలని నిర్ణయించుకున్నారు వాళ్లు. ఆ భాగాన్ని 1983 నవంబరు 24న, థాంక్స్‌గివింగ్ సెలవు రోజున వేశారు. ఎందుకంటే ఆ రోజు అమ్మానాన్నలు ఇంట్లో, పిల్లల పక్కనే ఉంటారు. ఎంత బాగా రాసినా, ఎంత జాగ్రత్తగా తీసినా, పిల్లాడు తల తిప్పి "అంటే ఇంక రాడా?" అని అడిగితే పక్కన ఒక మనిషి ఉండాలని. ఇది చదివినప్పుడు, "ఊరెళ్లిందంట" అని చెప్పి వారాల తరబడి తమ్ముడి నిట్టూర్పులు విన్న పదమూడేళ్లు నిండని అన్నయ్య గుర్తొచ్చాడు. ఆ కాసేపు వాడి పక్కనున్న పెద్దమనిషి తనే కదా.

మా అమ్మాయికి ఇప్పుడు అయిదేళ్లు. అది చూసేవి నాకు చాలావరకు నచ్చవు, ఆ సంగతి ఇంకోసారి. పింగూ మాత్రం నాకూ ఇష్టమే. 1990లో స్విట్జర్లాండ్‌లో మొదలైన మట్టిబొమ్మల పెంగ్విన్ కుటుంబం. వాళ్లు మాట్లాడేది ఏ దేశపు భాషా కాదు, ఉత్తుత్తి కూతలు. అన్నయ్యలాంటి అనువాదకుడికి స్వర్గం.

మొన్న పనిలో పడి ఆలస్యంగా వెళ్లి దాని పక్కన కూర్చున్నాను. తెర మీద పింగూ తల వేలాడేసుకుని వాళ్లమ్మ ముందు ఏదో గొణుగుతున్నాడు.

"ఏమంటున్నాడే?" అన్నాను.

మా అమ్మాయి తెర మీంచి కళ్లు తిప్పలేదు. "ఆడుకుంటుంటే పడిపోయిందంట" అంది. కాసేపాగి, "కావాలని చేయలేదంట" అంది. మరికాసేపాగి, ఇంకా చిన్న గొంతుతో, "సోఫా కింద ఉందంట" అంది.

పొద్దుటి నుంచి కళ్లజోడు కనపడక వెతుకుతున్నాను. వంగి సోఫా కింద చెయ్యి పెట్టాను. దొరికింది. ఒక కాడ ఊడిపోయి ఉంది.